మోసేవాడికి తగ్గ బండి

నర్సమ్మకి బండి ఎంచింది ఆవిడ తమ్ముడు. తప్పు బండి ఎంచాడు. ఆ తప్పే ఆవిడ ప్రాణం తీసింది. ఇందులో ఆవిడ మొగుడికి ఏ అనుమానమూ లేదు.

మూడేళ్ల కిందటి మాట. కొండ మీది క్వారీ ఇళ్లకి తిరిగి సూదులూ మందులూ ఇవ్వడం ఆవిడ ఉద్యోగం. రోజూ ఆరు కిలోమీటర్ల రాళ్ల దారి, అంతా ఎత్తు. తమ్ముడికి సైకిల్ షాపుంది. బ్యాటరీ సైకిళ్లు అమ్ముతాడు. వాడిచ్చిన బండికి టైర్లూ హ్యాండిలూ కొండ సైకిల్‌వే గానీ మోటారు మాత్రం వెనక చక్రంలో పిడికెడంత. చదును రోడ్డుకైతే చాలు. ఎత్తులో వేడెక్కి వేడెక్కి నాలుగో నెలలో మూలుగు కూడా మానేసింది. అక్కణ్ణించి బండి ఆవిణ్ణి మోయలేదు. ఆవిడే బండిని తోసింది. తమ్ముడు తెప్పిస్తానన్న కొత్త మోటారు వచ్చేసరికి ఆవిడ లేదు. పుట్టుకతోనే గుండె బలహీనం అని డాక్టరన్నాడు. డాక్టర్లు చాలా అంటారు.

ఆవిడ పోయిన రోజునే, పదిమంది ముందు, మొగుడు ఈ బావమరిదిని నిలదీశాడు. వాడు తల వంచుకున్నాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం చూశారా?" అన్నాడు ఆయన అందరితో. ఆ తర్వాత ఆ షాపున్న వీధిలో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు పెట్టాల్సి వచ్చింది. ఆయన కొండ మీది నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే మనిషి. మోకాలు అరిగింది. "సోమవారం నుంచి పైకి రాగలిగితే రండి, లేదంటే కింద ఆఫీసు గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను" అన్నాడు సూపర్‌వైజరు. ఆ కుర్చీలో కూర్చోవడమంటే బతికుండగానే గోడకి ఫొటోగా వేలాడ్డం. ఇలాంటి బళ్లమ్మే షాపు ఊళ్లో ఇంకోటి లేదు.

"రండి బావగారూ." ఒకప్పుడు బావా అనేవాడు.

"బండి కావాలి. చుట్టరికం వద్దు."

బావమరిది స్టూలు జరిపాడు. ఆయన కూర్చోలేదు.

"ఎక్కడ తొక్కుతారు?"

"ఆకాశంలో. ట్యాంకు దారిలో కాకపోతే ఇంకెక్కడ?"

"రోజుకెంత దూరం?"

"పోనూ రానూ పది."

"మీ బరువు?"

"పిల్లనిస్తున్నావా ఏంటి, ఇన్ని అడుగుతున్నావు?"

"ఒకసారి ఇచ్చాంగా" అని గొణిగి, వాడు మూలనున్న బండిని ముందుకి లాగాడు. "మీకైతే ఇది. మోటారు పెడళ్ల దగ్గరుంది. గేర్లతో కలిసి లాగుతుంది కాబట్టి ఎత్తులో చేతులెత్తేయదు. ముందు స్ప్రింగు చాలు. వెనక కూడా పెడితే బరువు తప్ప మీ దారికి లాభం లేదు. దిగి నడవాల్సొస్తే ఈ బటన్ నొక్కండి, అదే మీ పక్కన నడుస్తుంది."

"ఇన్ని తెలిసినవాడివి మీ అక్కకి ఇది ఎందుకు చూపించలేదు?"

వాడు గుడ్డ తీసుకుని పక్క బండి తుడవసాగాడు. ఆయన బండిని ఎత్తి చూశాడు.

"ఎంతుంటుంది?"

"ఇరవై ఆరు కిలోలు."

"ఇరవై ఆరా! మూడో అంతస్తుకి ఎవడు మోస్తాడు, మీ తాతా? కింద వదిలితే తెల్లారేసరికి చక్రాలుండవు. తేలికది చూడు."

తుడుస్తున్న గుడ్డ బావమరిది చేతిలో ఆగిపోయింది.

"అక్క కూడా ఇదే మాట అంది బావా."

"ఏ మాట?"

"ఇలాంటిదే తీసి పెట్టాను. నీ దారికి ఇదే అక్కా అన్నాను. ఎత్తి చూసి వద్దంది. 'తొక్కేది నేనైనా మెట్లెక్కించేది మీ బావ. ఆయన నడుముకి పద్దెనిమిది కిలోలు దాటకూడదు' అంది. పద్దెనిమిది కిలోల బళ్లకి వచ్చే మోటారు అంతే. 'ఆయనకి చెప్పకు, పంతానికి బరువుదే కొనిపిస్తాడు' అని ఒట్టు కూడా వేయించుకుంది."

"అడిగితే ఇచ్చేయడమేనా? కాదనడానికి నోరు లేదూ?"

"అక్కని కాదన్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా?"



ఆ పద్దెనిమిది కిలోలు ఆయన నాలుగు సాయంత్రాలు మోశాడు. ఆవిడ కింద నుంచి రెండుసార్లు బెల్లు కొట్టేది, ఈయన దిగి వెళ్లేవాడు. ఐదో రోజు నడుం పట్టేసిందన్నాడు. పట్టలేదు. దిగబుద్ధి కాలేదు, అంతే. మర్నాటి నుంచి బెల్లు మోగలేదు. మెట్ల మీద అడుగులు వినబడేవి. మలుపు మలుపుకీ ఆగి ఆవిడ ఊపిరి తీసుకోవడం వినబడేది. ఆ ఊపిరి వినగానే లేచి టీకి నీళ్లు పెట్టేవాడు. తను చేస్తున్నది గొప్ప సాయమే అనుకునేవాడు. ఈ సంగతి తమ్ముడికి కూడా ఆవిడ చెప్పుకోలేదన్నమాట.

"బావా, భుజం నొప్పా?"

ఆయన చెయ్యి కుడి భుజం మీదుంది. బండి మోసేటప్పుడు కడ్డీ ఆనేది అక్కడే. చెయ్యి దించేశాడు.

"ఇరవై ఆరుదే ఇవ్వు."

"మరి మెట్లు..."

"ఇవ్వమన్నానా?"

బావమరిది షట్టరు సగం దించి వెనకాలే వచ్చాడు. ఆయన ఇంటి మెట్ల దగ్గర వెనక చక్రం పట్టుకోబోయాడు. "ముట్టుకోకు" అన్నాడు ఆయన. ఒక్కో మలుపు దగ్గరా ఆగాడు. మోకాలు లోపల గాజుపెంకులు నూరుతున్నట్టుంది. ఊపిరి చప్పుడు గోడలకి తగిలి తిరిగొచ్చింది. పైన టీకి నీళ్లు పెట్టేవాళ్లెవరూ లేరు.

తలుపు తీసి బండిని లోపలికి నెట్టాడు. బావమరిది గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బావా, ఆ రోజు పదిమంది ముందు అన్నారు. వాళ్లు నన్నింకా అలాగే చూస్తున్నారు. తప్పు నాది కాదని వాళ్లలో ఒక్కరికి చెప్పండి చాలు."

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు.

"తప్పు బండి ఎంచావు. ఇంక ఆ మాట నువ్వు ఎత్తొద్దు. నేనూ ఎత్తను, ఈ జన్మకి."