తలుపులు లేని వీధి

తూముకు తలుపులు లేవు.

ఉదయం తొమ్మిదింటికి గట్టెక్కిన తూమత్త మొదట చూసింది అదే. నిన్న సాయంత్రం దించి వెళ్లిన రెండు ఇనుప తలుపులూ మాయం. గట్టు మీద ట్రాక్టరు చక్రాల గుర్తులు ఇంకా తడిగా ఉన్నాయి.

తూముకు అటు సముద్రపు పాయ, ఇటు మూడు వందల ఎకరాల వరి. ఏళ్ల తరబడి చౌడుబారి పడున్న నేల అది. మూడేళ్లుగా ఊరంతా వంతులు వేసుకుని వాననీరు నిలగట్టి, ఉప్పును కడిగి బయటకు తోలారు. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి కలియదున్నారు. గట్టు కోతపడకుండా బయట మడ అడవి మొక్కలు నాటారు. తూము కాపలా ఆమెది. అందుకే ఊరందరికీ తూమత్త అయింది.

ఈ రోజు మూడు గంటలకు అధికారి మీటరుతో వస్తాడు. పొలం కాలువ నీటిలో ఉప్పు అంకె రెండు దాటితే, ఈ నేల సాగుకు పనికిరాదని రాస్తాడు. రాసిన మర్నాడే అక్కడ రొయ్యల చెరువులు తవ్వడానికి ఒకాయన కాచుకుని ఉన్నాడు. బురదలోకి కూడా తెల్లచెప్పులతోనే వస్తాడు కాబట్టి, ఊళ్లో అతని పేరు తెల్లచెప్పులే.

సముద్రపు పోటు పదకొండింటికి తూము దాకా వస్తుంది.

ఆమె కాలువ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"రిపేరుకి తీసుకెళ్లారమ్మా. ఆర్డరుంది," అన్నాడు గుమాస్తా.

"మళ్లీ ఎప్పుడు తెస్తారు?"

"సోమవారం చూద్దాం."

"సోమవారానికి మా పొలంలో రొయ్యలు పట్టుకోవచ్చులే," అని పెట్టేసి, తమ్ముడి వరసయ్యే వడ్రంగి దగ్గరకు పరుగెత్తింది.

"కొత్తవి చెయ్యాలంటే రెండు రోజులక్కా," అన్నాడతను.

"చేసినవి ఉన్నాయిగా."

"ఎక్కడ?"

"మా గుమ్మానికి."

వడ్రంగి చేతిలో ఉలి ఆగిపోయింది. అతను కుర్రతనంలో పని నేర్చుకుంది ఈ తూముకు చెక్క తలుపులు చేస్తూనే. ఆ రెండున్నర అడుగుల కొలబద్దను ఆ తర్వాత మార్చలేదు. వీధిలో ఏ ఇంటి తలుపైనా అంతే వెడల్పు. పిండిమిల్లు ఆయన తన ఇంట్లోకి తను పక్కకు తిరిగి వెళ్లాలి. ఊరు ఇన్నాళ్లూ నవ్వుకున్న తప్పు అది.

"తూములో ఒక్కో కంతకి తలుపు దించే గాడులు రెండేసి ఉన్నాయి," అన్నాడు మెల్లగా. "రెండు తలుపులు దించి మధ్యలో బంకమన్ను కూరితే..."

"మొత్తం నాలుగు. లే!"

ఇంట్లో కోడలు పొయ్యి ముందు ఉంది. "అత్తయ్యా, తలుపెందుకు పీకుతున్నారు?"

"తూముకి."

కోడలు పొయ్యి ఆర్పి రెండో చివర పట్టుకుంది. "పోనీలెండి. రోజూ కిర్రుమంటోంది."

నాలుగు చాలన్నా వీధిలోంచి పదకొండు వచ్చాయి. వడ్రంగి అంచులు చిత్రిక పట్టాడు. మొదటి రెండూ దిగాయి. బంకమన్ను చేరవేసేవాళ్లు వరసకట్టారు. రెండో కంతలో చివరి తలుపు దిగేసరికి పాయలో నీరు పైకి లేస్తోంది.

తలుపు కూడా లేచింది.

"చెక్క కదక్కా, తేలుతుంది! సీలలు కొట్టేదాకా తొక్కిపట్టండి!"

తూమత్త ఒక తలుపు పైఅంచు మీదెక్కి కూర్చుంది. కోడలు ఇంకోదాని మీద. అయినా చివరిది ఆగలేదు. పిండిమిల్లు ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"జరగండి. ఈ తలుపులు పదేళ్లుగా నన్ను నొక్కాయి. ఇవాళ నా వంతు."

ఆయన కూర్చున్నాడు. తలుపు కిక్కురుమనలేదు.

అప్పుడే గట్టు మీద కారు ఆగింది. తెల్లచెప్పులు దిగాడు.

"దిగండందరూ! ఇది గవర్నమెంటు తూము. మీ ఇంటి గుమ్మం కాదు."

"మా ఇంటి గుమ్మమే బాబూ," అంది తూమత్త, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "తలుపు చూడు, బొట్లు కూడా చెరగలేదు. దాటి లోపలికి రావాలంటే మమ్మల్ని అడగాలి."

అతను ఫోన్ తీశాడు. నీళ్లు తలుపుల నడుముదాకా వచ్చాయి. వడ్రంగి సుత్తి ఆగలేదు. ఒక అంచున సన్నటి ధార లోపలికి చిమ్మింది. కోడలు కొంగు చింపి అందులో దోపింది. పన్నెండున్నరకు పోటు వెనక్కి తగ్గింది. లోపలికి వచ్చింది మహా అయితే పది బిందెల ఉప్పునీరు.

మూడింటికి అధికారి కాలువలో మీటరు ముంచాడు. పక్కనే తెల్లచెప్పులు మెడ సాచి చూశాడు.

ఒకటి పాయింట్ ఎనిమిది.

అధికారి రెండోసారి ముంచాడు. అంకె మారలేదు. 'సాగుభూమి' అని రాసి సంతకం పెట్టాడు. తెల్లచెప్పులు కారు వైపు నడిచాడు. దారిలో ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. ఎవరూ తీసివ్వలేదు.

అధికారి తూము వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "అయినా అనుమతి లేకుండా తూముకి సొంత తలుపులు పెట్టడం నేరమమ్మా. సాయంత్రానికల్లా తీసెయ్యాలి."

"ఇనుపవి తెచ్చి బిగించండి. ఆ క్షణమే తీస్తాం."

"తియ్యకపోతే ఇళ్లకి నోటీసులొస్తాయి."

"రానివ్వండి," అంది తూమత్త. "తలుపు తట్టే పని కూడా లేదు. నేరుగా లోపలికొచ్చి ఇచ్చి పొమ్మనండి."