కుంకుమ పెట్టిన సూక్ష్మదర్శిని

శరన్మేఘశకలములు నీలాంబరమున నింపాదిగా తేలిపోవుచుండగా శారదానదీతీరమునందలి రెల్లుపూలు ప్రభాతపవనమునకు తలలూచుచుండగా దసరా సెలవులకు ముందునాటి యుత్సాహమును పట్టజాలక బాలికోన్నతపాఠశాల ప్రాంగణమెల్ల కలకలలాడుచుండెను. తరగతిగదులలో పాఠములు జరుగుచుండెనని చెప్పుట శుద్ధాసత్యము. మామిడాకుల తోరణములు గట్టుచు ముగ్గులు దిద్దుచు ఒకరి జడలోని పూవు నొకరు లాగికొనుచు బాలికలందరును ఆయుధపూజాసంరంభమున మునిగియుండిరి.

వారికందరికంటెను సంరంభము మెండుగా గలది విజ్ఞానశాస్త్రోపాధ్యాయిని హైమవతి. గడచిన యేట నీటిపంపులను తయారుచేయు నొక కర్మాగారమువారు ఆ పాఠశాలకు గాజుబీరువాల నిండ శాస్త్రపరికరముల నొసగి, మరుసటి దసరాకు తమ ఇంజనీరు వచ్చి వాని స్థితిగతులను జూచిన పిమ్మట, పిల్లలు స్వహస్తములతో యంత్రములను విప్పి బిగించి నేర్చుకొనుటకు పనిశాలను గూడ గట్టించి యిత్తుమని మాట యిచ్చియుండిరి. తన బాలికలు స్పానరులు చేబూని నిలుచు దృశ్యమును తలచికొనినంతనే హైమవతి కన్నులు చెమర్చెడివి. కావుననే ఆమె యా పరికరములను కంటికి రెప్పవలె కాపాడెను. ఎంత చక్కగా కాపాడెననగా బీరువా తాళము దీసి యొక్క బాలికనైనను వానిని ముట్టనిచ్చి యెఱుగదు!

"ఒక్కపాలి సూడనివ్వండి టీచర్‌గారూ! ముట్టుకోనండి" అని తొమ్మిదవ తరగతి చదువుచున్న వరహాలు అనుదినమును అద్దమునకు ముక్కానించి బతిమాలుకొనెడిది.

"పనిశాల రానీయవే తల్లీ. ఈలోగా ఏదైనా పగిలితే వాళ్లేమనుకుంటారు?" అని హైమవతి యా పిల్ల తల నిమిరి పంపివైచెడిది. పంపిన ప్రతిపర్యాయమును ఆమె మనస్సు చివుక్కుమనెడిది.

ఆనాడు ఇంజనీరు రానున్నాడని యామె పరికరముల నన్నిటిని తళతళలాడ దుడిచి పట్టుగుడ్డపై బారులుదీర్చి పసుపు పూసి బొట్లు పెట్టెను. సూక్ష్మదర్శినికి బొట్టు పెట్టదగిన నుదు రెచ్చటనున్నదో యామెకు తోచలేదు. క్షణకాల మాలోచించి, కన్నానించెడు గాజుబిళ్లయే దానికి ముఖమని నిశ్చయించి అచ్చటనే తడికుంకుమను నిండుగా దిద్దెను.

మధ్యాహ్నమునకు ఇంజనీరు సన్యాసిరావు భుజమున బరువైన సంచితో వచ్చెను. "ఒక్కటి కూడా పగల్లేదండీ" అని హైమవతి యుప్పొంగుచు చూపగా నాయన సూక్ష్మదర్శినిపై వంగి కన్నానించి తల యెత్తెను. ఆయన కంటిచుట్టును ఎఱ్ఱని వలయ మేర్పడియుండుటను గాంచి బాలికలు కిసుక్కున నవ్విరి.

"పగల్లేదంటే నాకు బెంగగా ఉందమ్మా" అని యాతడు కన్ను దుడుచుకొనుచు మెల్లగా ననెను. "మా షెడ్డులో కొత్తగా చేరినోళ్లకి ముందు పాత మోటారొకటిచ్చి పాడుచెయ్యమంటాం. పిల్లలు ఏటేటి పగలగొట్టారో చూసి, వాళ్లచేతే బాగుచేయిద్దారని వచ్చేను." సంచి విప్పగా లోపల గాజుపలకలును బల్బులును తీగలును కుప్పలుగా నుండెను.

 పనిశాల తన చేతులారనే పోయెనని హైమవతి తలంచెను.

"నేనూ ఎప్పుడూ ఇందులో చూడలేదండీ" అని యామె పలికెను. "నేను చదువుకున్న బడిలోనూ బీరువాకి తాళమే. పాచినీటిలో ఉండే పారమీసియం అనే సూక్ష్మజీవిని ఇన్నేళ్లుగా బోర్డు మీద బొమ్మ వేసి చూపించడమే."

సన్యాసిరావు చేతిరుమాలుతో గాజుబిళ్లపై కుంకుమను శ్రద్ధగా దుడిచివైచెను. వరహాలు చేతిపంపు క్రిందినుండి పాచినీటిని దోసిట దెచ్చెను. ఒక బొట్టును గాజుపలకపై నుంచి యాతడు యంత్రమును సరిచేసి రమ్మని సైగచేయగా, సంవత్సరముగా నెదురుచూచిన యా పిల్ల ప్రక్కకు దొలగెను.

"ముందు మీరు సూడండి టీచర్‌గారూ."

హైమవతి వంగి చూచెను. తాను సుద్దముక్కతో వేలమార్లు చిత్రించిన చెప్పు అడుగువంటి జీవి! బొమ్మలో నెన్నడును కదలనిది, ఇప్పుడు పాచిపోగులనడుమ గిరికీలు గొట్టుచుండెను.

"పరుగెత్తుతోందే!" అని యామె పసిపిల్లవలె నఱచెను. కన్నీటిపొరలో నా జీవి యలికిపోయెను.

తరువాత వరహాలు ఆత్రముగా వంగి మరను క్రిందికి ద్రిప్పగా గాజుపలక టప్పున పగిలెను.  భయముతో బిగుసుకొనిపోయిన యా పిల్లను హైమవతి దగ్గఱకు దీసికొని, ఇంజనీరువంక దిరిగి, "ఇంకొకటి ఇవ్వండి" అని చేయి చాచెను.

"పనిశాలకి పునాది పడిందమ్మా" అని సన్యాసిరావు నవ్వుచు సంచిలో చేయి పెట్టెను.

మరుసటి యేట ఆయుధపూజ నూతనపనిశాలలో జరిగెను. పట్టుగుడ్డపై పగిలిన పలకలును కాలిన బల్బులును పళ్లెము నిండ పేర్చబడి పసుపుకుంకుమలతో వెలుగుచుండెను. సూక్ష్మదర్శినికి మాత్రము బొట్టు లేదు. పిల్లలు దానిని విడిచిపెట్టినచో గదా హైమవతి బొట్టు పెట్టుటకు!