మూడువందల పన్నెండు ముఖాలు

రైల్వే ఊళ్ళో పుట్టి రైల్వే ఉద్యోగం వద్దన్నవాణ్ణి ఏమంటారు? బిలాస్‌పూర్ తెలుగు క్వార్టర్లలోనైతే మొహం మీదే పిచ్చోడంటారు. గిరిబాబుని అలాగే అన్నారు. తండ్రి అప్పలస్వామి డ్యూటీలో ఉండగానే పోయాడు. పెద్దకొడుకుగా ఆ ఉద్యోగం గిరిబాబుకి రావలసింది. "తమ్ముడికి ఇవ్వండి, నాకు కెమెరా చాలు" అన్నాడు. తల్లి మంగాయమ్మ మూడు నెలలు అతనితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, కొడుకు అద్దెకు తీసుకున్న స్టూడియో గది గడప మాత్రం తొక్కలేదు.

అది జరిగి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో గిరిబాబుకి తెలిసొచ్చింది ఒక్కటే. ఫోటోలు తీయడం ఒక విద్య, ఫోటోలు తీసి బతకడం ఇంకో విద్య. మాఘంలో ఒక్కరోజున నాలుగు పెళ్ళిళ్ళకు పిలుస్తారు. ఆషాఢం వచ్చిందంటే పిలిచే నాథుడుండడు. శుక్రుడికి మూఢమైతే గిరిబాబు పొయ్యికీ మూఢమే. పంచాంగం చూసి అన్నం తినే బతుకు ఎన్నాళ్ళని? ఏడాది పొడుగునా ఆగని పని ఒకటి కావాలి అతనికి.

ఆ పని 1989 జూన్‌లో వచ్చింది. ఒక షెడ్డులో పనిచేసే మూడువందల పన్నెండు మందికీ ఫోటో అంటించిన కొత్త గుర్తింపు కార్డులు ఇవ్వాలని పైనుంచి ఆర్డరు. ఆ బాధ్యత వెల్ఫేర్ ఇనస్పెక్టరు సత్యనారాయణమూర్తిది. నెహ్రూ నగర్‌లో ఉంటాడు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుంటుంది ఆయన ముఖం.

"ఇది సరిగ్గా చేశావంటే ఎలక్ట్రికల్ వాళ్ళవి, ఇంజినీరింగ్ వాళ్ళవి, ఆసుపత్రి వాళ్ళవి, అన్నీ నీకే. రిటైరయ్యేవాళ్ళ గ్రూపు ఫోటోలూ నీకే. ఒక్క కార్డు మీద ఒక్క ముఖం తప్పు పడిందా, మిగతా పనంతా ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాత బతిమాలుకోవడాలు ఉండవు" అన్నాడు.

గిరిబాబు షెడ్డు వరండాలో తెల్లదుప్పటి కట్టి నాలుగు రోజులు తీశాడు. ఒక్కొక్కరూ వచ్చి నిలబడి టోకెన్ నంబరు చెప్పడం, ఇతను నోటుబుక్కులో వరుసగా రాసుకోవడం, మీట నొక్కడం. పని సాఫీగా సాగింది. నాలుగో రోజు ఆఖరి రీలు కూడా కడిగి, ప్రింట్లు వేసి, తీగకు ఆరబెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం డార్క్ రూములో మోచెయ్యి తగిలి నీళ్ళ ట్రే బోర్లా పడింది. పడి పడి నోటుబుక్కు మీదే పడింది.

ఇంకుపెన్నుతో రాసిన రాత. ముందు పేజీలు మరకలతో బయటపడ్డాయి. ఆఖరి పేజీ మాత్రం నీలంనీళ్ళయి కారిపోయింది. ముప్పై ఆరు మంది. తీగ మీద వాళ్ళ ముఖాలున్నాయి, పేర్లు లేవు. షెడ్డు వాళ్ళు టైపు చేసి ఇచ్చిన జాబితాలో పేర్లు, టోకెన్ నంబర్లు ఉన్నాయి, ముఖాలు లేవు. పోనీ వాళ్ళనే అడుగుదామంటే ముప్పై ఆరుగురూ ఒకే ముఠా, పొద్దున్నే ఊరవతల గతౌరా సైడింగు పనికి వెళ్ళింది, తెల్లారితే గానీ రాదు. సాయంత్రం అయిదింటికి ఫోటోలు ఆఫీసులో ఇవ్వాలి. వెంటనే అంటించి ముద్ర వేసేస్తారు. మర్నాడు పదింటికి పెద్దాఫీసరు ముందు పంపకం.

మూర్తిగారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేస్తే ఒక రోజు గడువు దొరికేదేమో. చెప్పలేదు. ఆరేళ్ళు ఎదురుచూసిన కంచం ముందుకొచ్చాక, చెయ్యి కడుక్కోవడం మరిచిపోయానని చెప్పడానికి ఎవడికి నోరొస్తుంది? ముప్పై ఆరు ఫోటోలూ కవర్లో వేసుకుని తల్లి ఉండే తమ్ముడి క్వార్టరుకు పరిగెత్తాడు.

మంగాయమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఆ క్వార్టర్ల లైన్లలో తిరిగిన మనిషి. ఎవరి పెళ్ళికి ఎవరు వండారో, ఎవరి కొడుకు ఎవరి కూతుర్ని చూశాడో ఆమెకు తెలియనిది లేదు. ఆ ముఠాలో దాదాపు అందరూ మనవాళ్ళే. కొడుకు మంచం మీద ఫోటోలు పరిచాడు. విషయం విని ఆమె కొంగు నడుముకి దోపుకుంది.

"ఈడు శంకర్రావు. ఈడు అచ్చియమ్మ అల్లుడు, కూరలో ఉప్పు తక్కువైతే కంచం ఇసిరేస్తాడు. పేరేటి, రమణ. రమణబాబు. ఈ సచ్చినోడు మొన్న మనింటికాడే టీ తాగినాడు కదరా, నువ్వెరగవేటి?"

ఒక్కొక్క ఫోటో వెనుకా గిరిబాబు పేరు రాస్తున్నాడు. చెమట ఫోటో మీద పడకుండా తల పక్కకు తిప్పి రాస్తున్నాడు. ముప్పై నాలుగు అయ్యాయి. గోడగడియారం నాలుగు దాటింది. రెండు ముఖాలు, రెండు పేర్లు మిగిలాయి. గోవిందరావు, టోకెన్ 47. ఎర్రయ్య, టోకెన్ 218.

మిగిలిన ముఖాల్లో ఒకటి నెరిసిన మీసాల మనిషిది. మంగాయమ్మ ఆ ఫోటో తీసి వెలుగులో పెట్టి చూసింది. "ఓలమ్మా! ఈడు ఎర్రయ్య కాదేటి? మా కన్నోరి ఊరోడు. ఎప్పుడో బజార్లో ఒకపాలి కనబడి, ఊరి సివర మంగ్లాలో ఉంటన్నానని సెప్పినాడు."

"ఖాయమేనా అమ్మా?"

"నా సంకనెక్కి తిరిగిన గుంటడ్రా. నాకు తెల్దేటి? ఆ రెండోవోణ్ణి మాత్రం నానెరగను."

ఎరగని రెండోవాడే గోవిందరావు కావాలి మరి. గిరిబాబు రాసేశాడు. రాసేటప్పుడు ఒక అనుమానం గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. చిన్న టోకెన్ నంబర్లు పాతకాపులవి. నలభై ఏడంటే ఎప్పటి మనిషో. ఈ ఫోటోలో కుర్రాడికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కానీ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. అనుమానాన్ని మింగేసి సైకిలెక్కాడు. తొందరలో ఉన్నవాడికి అనుమానం కూడా శత్రువే.

అయిదు కాకుండానే కవరు ఆఫీసులో ఇచ్చాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఒళ్ళు గాల్లో తేలుతోంది. మంగాయమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వొలుస్తోంది. ఆరేళ్ళలో మొదటిసారి "రేపొచ్చి నీ కొట్టు సూస్తాన్రా" అంది. తర్వాత ఆ ఫోటో గుర్తొచ్చి నిట్టూర్చింది.

"పాపం ఎర్రయ్య. ఆడి అన్న ఉండేవోడు, గోవిందు. బళ్ళో సదువుకున్నోడు ఆడే. రైలుకొలువు కాయితం సేతికొచ్చిన నెల్లోనే జెరమొచ్చి పోయినాడు. బతికుంటే ఈపాటికి పెద్ద మేస్త్రీ అయ్యుండును."

గిరిబాబు చేతిలోని మంచినీళ్ళ గ్లాసు అక్కడే ఆగిపోయింది. "గోవిందంటే గోవిందరావా అమ్మా?"

"మరేటి?"

తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పుకోవలసిన పని లేకపోయింది. చచ్చిపోయిన అన్న పేరున వచ్చిన కాగితం పట్టుకుని, చదువు లేని తమ్ముడు రైలెక్కాడు. ఎర్రయ్య ఊళ్ళోనే ఉండిపోయాడు, బిలాస్‌పూర్‌లో దిగినవాడు గోవిందరావు. ముప్పై ఏళ్ళుగా ఆ పేరుతో హాజరు పలుకుతున్నాడు, ఆ పేరుతో జీతం తీసుకుంటున్నాడు. ఇప్పుడు అతని ముఖం ఎర్రయ్య అనే ఇంకెవరి కార్డు మీదో ఎక్కి, ముద్ర పడి, ఆఫీసు బీరువాలో ఉంది.

"ఒరే, నానేటి సేసినాన్రా" అంది మంగాయమ్మ. చిక్కుళ్ళు ఒళ్ళోంచి జారిపోయాయి.

గిరిబాబు మర్నాడు ఎనిమిదింటికే ఆఫీసు ముందున్నాడు. ముందే మూర్తిగారికి చెప్పి రెండు కార్డులూ వెనక్కి తీసుకోవాలని ఆశ. కానీ ఏమని చెబుతాడు? తప్పు ఎలా తెలిసిందని అడిగితే? అడ్డంగా దొరికిపోయే ప్రశ్న అది. అయినా ఆ అవసరం రాలేదు. మూర్తిగారు పది కొట్టాక, పెద్దాఫీసరు జీపులోనే దిగాడు. బీరువా తెరిచారు. వరండాలో బల్ల వేశారు. గతౌరా నుంచి వచ్చిన ముఠా కూడా కాళ్ళకు మట్టితోనే వరుసలో నిలబడింది.

మూర్తిగారు నంబరు పిలవడం, కార్డు మీది ముఖాన్నీ ఎదుటి ముఖాన్నీ చూడడం, చేతికివ్వడం. నలభై నాలుగు. నలభై అయిదు. గిరిబాబు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నలభై ఆరు.

"నలభై ఏడు. గోవిందరావు."

నెరిసిన మీసాల మనిషి వచ్చి నిలబడ్డాడు. మూర్తిగారు కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఇదేమిటయ్యా గిరిబాబూ?"

పెద్దాఫీసరు తలెత్తి "క్యా హువా, మూర్తీజీ?" అన్నాడు. మూర్తిగారు కార్డులన్నీ తిరగేశాడు. రెండువందల పద్ధెనిమిది దగ్గర ఆగాడు. ఎర్రయ్య అన్న పేరు పక్కన ఈ మీసాలు. ఆ రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు. గొంతు తగ్గిస్తేనే ఆయన ఎక్కువ భయపెడతాడు.

"వరస జారితే అందరివీ జారాలి. ఈ రెండే సరిగ్గా తారుమారయ్యాయేం? ఇతన్ని ఎర్రయ్య అని నీతో ఎవరైనా అన్నారా?"

నెరిసిన మీసాల మనిషి కళ్ళు నేల మీద ఉన్నాయి. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. నోటుబుక్కు గిరిబాబు భుజానికున్న సంచీలోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. నీళ్ళు పడ్డాయండీ, మా అమ్మ గుర్తుపట్టిందండీ, ఆవిడకు ఇతను చిన్నప్పటి నుంచి తెలుసండీ. ఆ మూడు మాటలతో తన పనితనం నిలబడుతుంది. తప్పు తనది కాదని, తన తల్లి చెప్పిందే నిజమని తేలుతుంది. ఆరేళ్ళ ఆషాఢాలు అయిపోతాయి. గిరిబాబుకి చెప్పాలనే ఉంది. మనిషన్నాక ఉండదా? నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ అనలేదండీ" అన్నాడు. "నోటుబుక్కులో ఒక పేజీ పాడైంది. గుర్తున్నంత వరకు రాసేశాను. నాదే తప్పు."

"జ్ఞాపకం మీద గుర్తింపు కార్డులు చేశావా?"

"చేశానండీ."

మూర్తిగారు చాలాసేపు అతన్నే చూశాడు. తర్వాత మీసాల మనిషిని చూశాడు. ఆయనకేం అర్థమైందో, ఏం కాలేదో ఆ ముఖం చూసి చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. రెండు కార్డులూ నిలువునా చించాడు.

"ఈ ఇద్దరివీ ఇప్పుడే మళ్ళీ తియ్యి. సాయంత్రంలోగా ఇవ్వు. అంతటితో నీ పని అయిపోయింది. మిగతా డిపార్టుమెంట్లకి వేరేవాళ్ళని చూసుకుంటాను."

గిరిబాబు మళ్ళీ తెల్లదుప్పటి కట్టాడు. కెమెరా కంటిలోంచి చూస్తే మీసాల మనిషి కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోమని సైగ చేసి, ఆగి, మీట నొక్కాడు. ఆ తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టమంటే ఆ మనిషి వంగి ఒక్కొక్క అక్షరం గీసుకుంటూ రాశాడు. గోవిందరావు.

ఆషాఢం వచ్చింది. ఎలక్ట్రికల్ వాళ్ళ కార్డుల పని ఇంకో స్టూడియోకి వెళ్ళింది. గిరిబాబు ఎప్పటిలాగే కొట్టు తెరిచి కూర్చుంటున్నాడు. నోటుబుక్కులో ఇప్పుడు పెన్సిలుతో రాస్తున్నాడు. మంగాయమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని తనే వస్తోంది. ఉద్యోగం వదులుకున్నప్పుడు మూడు నెలలు మాట్లాడని మనిషి, ఈ పని పోయినందుకు ఒక్క మాటా అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మీసాల మనిషి వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రా మావయ్యా" అన్నాడు గిరిబాబు.

వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత "ఒక పోటో తియ్యి బాబూ. కింద నా పేరు రాయి" అన్నాడు.

"ఏ పేరు?"

"నా పేరు."

గిరిబాబు లైట్లు సర్దాడు. తొందరపడలేదు. ఆ ముఖంలో ముప్పై ఏళ్ళుగా అణిచిపెట్టిన మనిషి మెల్లగా పైకొచ్చేదాకా ఆగాడు. అప్పుడు తీశాడు. గంటలో కడిగి, ఆరబెట్టి, చేతికిచ్చాడు. "నువ్వే రాసుకో మావయ్యా" అని పెన్సిలు కూడా ఇచ్చాడు.

ఆ మనిషి పెన్సిలు పట్టుకుని కూర్చుండిపోయాడు. "నాకు రాదు బాబూ. అన్న పేరొక్కటే రాయడం నేర్సుకున్నాను."

గిరిబాబు అతని చెయ్యి పట్టుకుని రాయించాడు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా వచ్చాయి. ఎర్రయ్య. ఆ మనిషి వేలితో ఆ అక్షరాల్ని తడిమి తడిమి చూసుకున్నాడు. పిల్లాడిలా ఏడ్చాడు.

"ఇంటికి ఒట్టుకెళ్ళలేను. పిల్లలకు తెల్దు. నీకాడే ఎట్టుకో."

గిరిబాబు తీసిన ఫోటోల్లో అదే గొప్పది. అది ముందు అద్దాల షోకేసులో ఉంటే దారినపోయేవాడు ఆగి లోపలికొస్తాడు. అయినా దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. నెలకోసారి ఎర్రయ్య వచ్చేవాడు, సొరుగు తీయించుకుని చూసుకుని, టీ తాగి, గోవిందరావై డ్యూటీకి వెళ్ళేవాడు.