కరువేటి పెళ్లికి చదివింపులు

మా మొగులప్ప మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడని ఖేడ్ బజారంతా గుప్పుమంది. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది వాడే, ఆ గోల తెచ్చిపెట్టిందీ వాడే. నేను వాడి అక్కను, శంకరమ్మను. నన్నడిగితే మా తమ్ముడికి సూదిలో దారం ఎక్కించే తెలివి తప్ప ఇంకో తెలివి లేదు.

మాది దర్జీ ఇల్లు. మొగులప్ప మిషను ఎక్కకుండా నారాయణఖేడ్‌లో ఏ పెళ్లికూతురి రవికా తయారు కాలేదంటే పెద్ద అబద్ధమేమీ కాదు. రవికలు కుట్టించుకున్నవాళ్లు పెళ్లికి పిలవకుండా ఉంటారా? వాడూ, వాడి భార్య పుష్పమ్మా పోయి, అక్షింతలు వేసి, చదివింపుల దగ్గర తమకు ఉన్నదాంట్లో ఇంత చదివించి వచ్చేవాళ్లు. ఒకరికి ఇత్తడి చెంబు, ఒకరికి చీర, ఒకరికి పదో పాతికో. ఈ రోజు మనం పెడితే రేపు మనింట్లో కార్యానికి వాళ్లు పెడతారు. అది మా దిక్కు మర్యాద. మా ఇంట్లో మాత్రం ఏ కార్యమూ జరగలేదు. తిరిగి పెడదామన్నా ఊరికి సందు దొరకలేదు.

దొరకాల్సిందే. పెళ్లైన ఏడేళ్లకు పుష్పమ్మ కడుపు పండింది. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగింది. ఎడ్లబండి మీద, తర్వాత లారీ మీద బీదరు చేర్చేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. అంతటితో అయిపోతే ఏడ్చి ఊరుకునేవాళ్లం. ఆ కాన్పులో లోపల ఎక్కడో చిరిగి, ఆమెకు మూత్రం ఆగకుండా పోయింది. రాత్రీ పగలూ కారుతూనే ఉండేది.

మొగులప్ప కత్తిరింపుల్లోంచి మెత్తని ముక్కలు ఏరి, మడతలు పెట్టి కుట్టి ఇచ్చేవాడు. అవి ఏ మూలకు? పుష్పమ్మ ఎక్కడికి పోయినా చంకలో ఒక గోనెసంచి ఉండేది. అది పరుచుకుని నేల మీదే కూర్చునేది. నా నవారు మంచం మీద కూర్చోమని ఎన్నిసార్లు కసిరినా "వద్దు వదినె, ఖరాబైతది" అనేది. రానురాను గడప దాటడమే మానేసింది. చీకటితో లేచి బావి దగ్గర గుడ్డలు పిండుకుంటూ ఏడ్చేది. నేను ఆ ఏడుపు వినలేక లేచి కోళ్లను తిట్టేదాన్ని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ ఏడుపులో సగం నాది.

ఖేడ్ దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చూసి అసలు సంగతి చెప్పింది. పాపమూ కాదు, శాపమూ కాదు, లోపల పడ్డ చిరుగు అంది. పట్నంలో ఆపరేషన్ చేసి కుడతారంది. మందులకు, రక్తానికి, నెలపైన అక్కడ ఉండటానికి నాలుగు వేలైనా చేతిలో ఉండాలంది.

మొగులప్ప ఎగురుకుంటూ ఇంటికి వచ్చాడు. "చిరుగేనంట అక్కా! గంతదానికి ఇన్నొద్దులు పరేషాన్ అయినం!"

"నాలుగు వేలు నీ తాత ఇస్తడా?" అన్నాను. "ఊళ్లె అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు."

"అడిగితే ఎందుకని అడుగుతరు. గీమె రోగం బజార్ల నిలబడి చెప్పమంటవా? లగ్గంల అయితే ఎందుకని ఎవ్వలు అడగరు. వస్తరు, పెడతరు, తిని పోతరు."

"లగ్గమా? ఎవలిది?"

"మాదే. కరువుల చేసుకుంటిమి గద అక్కా. బోరంచ పోచమ్మ ముంగట రెండు దండలు మార్చుకొని నడుచుకుంట వచ్చినం. ఒక్కలకన్న బుక్కెడు బువ్వ పెట్టినమా? గా లగ్గం గిప్పుడు చేసుకుంట."

నేను నోరు వెళ్లబెట్టాను. పుష్పమ్మ గడప అవతల గోనెసంచి మీద కూర్చుని వింటోంది. చాలాకాలానికి ఆమె నవ్వు విన్నాను. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "పదిమంది ముంగట పీట మీద ఎట్ల కూసుంట వదినె?" అంది. ఆమె ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఒప్పుకుందంటే ధైర్యం వచ్చి కాదు, మొగుడి ముఖం చూసి.

ఇక పిలుపులు. మా దిక్కు మొగుడు పెళ్లాం పేరు ఎత్తడు, పెళ్లాం మొగుడి పేరు ఎత్తదు. మొగులప్ప ఇంటింటికీ పోయి, పసుపు బియ్యం చేతిలో పెట్టి, "ఆయితారం నా లగ్గం, ఇంటిల్లిపాది రాండ్రి" అన్నాడు. పిల్ల ఎవరని అడిగితే సిగ్గుపడి తల గోక్కుంటూ "మీకు ఎరుకైన పిల్లనే" అన్నాడు. ఇంకేముంది! పెళ్లాం మంచాన పడితే మొగుడు రెండో దాన్ని తెస్తున్నాడని ఊరు ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. బావి దగ్గర హన్నమ్మ నన్ను నిలదీసింది. అసలు మాట చెబితే రోగం మాట కూడా చెప్పాలి. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆదివారం మా ఇంటి ముందు నాలుగు గుంజలు పాతి పందిరి వేశాం. జొన్నరొట్టెలు, పప్పు, బెల్లపన్నం. మైకుసెట్టు దేవానందం కిరాయి వద్దని, చదివింపులు తానే చదువుతానని వచ్చి కూర్చున్నాడు. జనం మాత్రం ఇసక వేస్తే రాలనంత వచ్చారు. పెట్టడానికి కొందరు, తిట్టడానికి కొందరు. ముందుగా వచ్చినవాడు పుష్పమ్మ తమ్ముడు సంగయ్య. సిర్గాపూర్ నుంచి ట్రాక్టరు నిండా మనుషులను ఎక్కించుకుని వచ్చాడు. దిగుతూనే మా వాడి అంగీ పట్టుకున్నాడు.

"మా అక్క బతికుండంగనే ఇంకోదాన్ని తెస్తవా బావా? ఎవతె అది? పేరు చెప్పు!"

మొగులప్ప నోరు తెరిచాడు, మూశాడు. నాకు ఒళ్లు మండింది.

"చెప్పు రా సన్నాసీ! పేరు చెప్తె నాలుక తెగి పడ్తదా? నువ్వు చెప్పకుంటె నీ బొక్కలు ఇరుగుతయి."

వాడు దేవానందం చేతిలోని మైకు లాక్కుని, కళ్లు మూసుకుని గట్టిగా అరిచాడు. "పుష్పమ్మ!"

ఆ పేరు బజారు చివరిదాకా వినబడి ఉంటుంది. పసుపు చీర కట్టుకుని, బాసికం పెట్టుకుని పుష్పమ్మ గడపలోకి వచ్చింది. సంగయ్య అంగీ వదిలేసి, "థూ! గీ ముచ్చట ముందే చెప్తె ట్రాక్టర్ కిరాయి మిగులుతుండె గద బావా" అన్నాడు. పందిరంతా విరగబడి నవ్వింది. నవ్వు సద్దుమణిగాక మొగులప్ప కరువు నాటి పెళ్లి మాట చెప్పాడు. రోగం మాట చెప్పలేదు.

ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టారు. పుష్పమ్మ పీట మీద గోనెసంచి లేదు. పెళ్లికూతురు గోనె మీద కూర్చుంటుందా? చదివింపులు మొదలయ్యాయి. దేవానందం గొంతు సవరించుకుని ఒక్కొక్కరి పేరే చదువుతున్నాడు. అంతసేపు కూర్చోవాలని మేమెవరమూ ఆలోచించలేదు. చూస్తూండగానే పుష్పమ్మ కాళ్ల దగ్గర పసుపు చీర రంగు మారింది. తడి పీట అంచు దాకా పాకింది. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను. లేచి పారిపోదామంటే అందరూ ఎదురుగానే ఉన్నారు.

చివర్లో వసంతమాడటానికి కలిపిన పసుపునీళ్ల గంగాళం నా పక్కనే ఉంది. నేనింక వేళా పాళా చూడలేదు. చెంబెడు ముంచి మా తమ్ముడి నెత్తిన కుమ్మరించాను. ఇంకో చెంబు తీసుకుని పుష్పమ్మ ఒళ్లోకి పోశాను.

"ఇంకా చదివింపులు కాలేదు శంకరమ్మా!" అని దేవానందం మైకులోనే మొత్తుకున్నాడు.

"నా తమ్ముని లగ్గం, నా ఇష్టం! నువ్వు చదువు!"

హన్నమ్మ ఒక్క క్షణం పీట వైపు చూసింది. తర్వాత నా చేతిలోంచి చెంబు గుంజుకుని తానూ పోసింది. మణెమ్మ వచ్చింది, లక్ష్మవ్వ వచ్చింది. గంగాళం ఖాళీ అయితే బావి నుంచి బిందెలు వచ్చాయి. పందిరి కింద పొడిగా ఉన్న మనిషి లేడు. సంగయ్య మీసాల నుంచి కూడా పసుపు కారుతోంది. ఆ నీళ్లలో పుష్పమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వింది. ఆ ఆడవాళ్లలో ఎవరు తెలిసి పోశారో, ఎవరు తెలియక పోశారో నేను ఇప్పటిదాకా అడగలేదు.

ముందు కొన్ని చీరలు వచ్చాయి, తర్వాత చదివింపులు నోట్లలోకి దిగాయి. మేము పెట్టినదానికి ఒకటికి రెండు పెట్టినవాళ్లున్నారు. సంగయ్య పట్నంలో మట్టిపని చేసి తెచ్చుకున్న మూట విప్పి, "మా అక్కకు పుట్టింటి కట్నం, గట్టిగ చదువు" అన్నాడు. డాక్టరమ్మ చెప్పినదానికి సరిపోయి కాస్త మిగిలింది. నేను మాత్రం ఏమీ చదివించలేదు. నీళ్లు పోశాను, అంతే.

ఆ వారంలోనే ఇద్దరూ పట్నం బస్సెక్కారు. నేను కోళ్లను తిట్టుకుంటూ ఇల్లు కాశాను. బోరంచ పోచమ్మకు మొక్కని మొక్కు లేదు.

నెల దాటిన తర్వాత ఒక పొద్దున మంచం మీద కూర్చుని జొన్నలు చెరుగుతుంటే, తడిక తోసుకుని పుష్పమ్మ వచ్చింది. వెనక మొగులప్ప పెట్టె మోసుకుంటూ వస్తున్నాడు. ఆమె చిక్కిపోయి ఉంది. నాకు చెప్పలేని సంతోషం, చెప్పలేని భయం. ఏమైందని అడిగే ధైర్యం నాకే రాలేదు. అలవాటు కొద్దీ దూలానికి వేలాడుతున్న గోనెసంచి అందుకుని ఆమె కాళ్ల దగ్గర పరిచాను.

పుష్పమ్మ వంగి ఆ గోనె తీసి, నీటుగా మడిచి పక్కన పెట్టింది. నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"జర జరుగు వదినె" అంది.

నేను చేట ఒళ్లో పెట్టుకుని జరిగాను. ఆమె కూర్చుంది.