మొరాయించని ప్రోగ్రాం

బస్సు డిపో నుంచి ఫోనొచ్చేసరికి ఆవిడ గిన్నెలు తోముతోంది.

"అక్కా, నేనే!" అన్నాడు మేనేజరు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు. "మీరు రాసిన డ్యూటీ చార్టు ప్రోగ్రాం ఇవాళ మొరాయించింది. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. కాన్పుకని సెలవు పెట్టిన మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. పిల్లాడు బడికెళ్ళాక చేరదామనుకుంటే, కంప్యూటర్ కంపెనీలో చేసే మరిది నవ్వాడు. "పెర్లా? ఆ కంప్యూటర్ భాష ఎప్పుడో పోయింది వదినా. ఇప్పుడెవరడుగుతారు?" తెలిసినవాడు చెప్పాడు కదా అని నమ్మింది. పోయినవాళ్ళ మాట ఎత్తకూడదన్నట్టు, ఇంట్లో ఆ పేరే తలుచుకోలేదు.

డిపోలో గోడల రంగు మారింది, కంప్యూటర్లు మారాయి. పోయిందన్న పెర్ల్ మాత్రం రోజూ ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో చెబుతూనే ఉంది.

"మధ్యలో కొత్త ప్రోగ్రాం కొన్నాం. సెలవులో ఉన్న డ్రైవర్లకి కూడా డ్యూటీ వేసేది. దండం పెట్టి మళ్ళీ మీదానికే వచ్చాం."

"మరి ఇన్నేళ్ళూ నన్నొక్కసారీ పిలవలేదేం?"

"ఎందుకు పిలుస్తాం అక్కా? అది ఒక్కరోజన్నా ఆగితేగా!"

మెచ్చుకోలే. కానీ ముల్లులా దిగింది. కాస్త అడ్డదిడ్డంగా రాసి ఉంటే ఏడాదికోసారైనా కబురొచ్చేది.

జబ్బు చిన్నదే. రూటు నంబరంటే అంకెలే అనుకుని రాసిందప్పట్లో. ఇప్పుడొక రూటుకి చివర ‘ఎ’ తగిలించారు. ప్రోగ్రాం దాన్ని బస్సుగానే లెక్కచెయ్యలేదు.

"ఇక్కడ ఖాళీలేమైనా ఉన్నాయా?" తెర మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"అయ్యో! పోయినేడు మిగతా డిపోలకీ ఇలాంటివి రాయడానికి పెర్ల్ తెలిసినవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చాం. మీరు దరఖాస్తు పెట్టుకుంటారేమోనని చూశాను కూడా. ఇంటిపట్టున హాయిగా ఉన్నారు, ఎందుకొస్తార్లే అనుకున్నా. ఆ పోస్టు నిండిపోయింది."

"అవును, హాయిగానే ఉన్నాను," అంది.

‘ఎ’ ఒక్కదాన్నే ఒప్పుకునేలా దిద్ది వదిలేస్తే? రేపు ‘బి’ రాకపోదు. మళ్ళీ ఫోను, మళ్ళీ ఈ గది. వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

కిటికీలోంచి ఒక డ్రైవరు తల దూర్చాడు. "అమ్మా, నా బస్సేదో తేల్చండి. అవతల జనం నన్ను తిడుతున్నారు."

ఆ ‘బి’ బస్సు రోజున కూడా ఇలాగే ఎవడో ఒకడు తిట్లు తింటాడు. ఆవిడ నిట్టూర్చి, ఏ అక్షరమొచ్చినా సరేనన్నట్టు ఆ వాక్యం మార్చేసింది. చార్టు బయటికి రాగానే డ్రైవర్లు దాని చుట్టూ మూగారు.

"ఇంక మీకు శ్రమివ్వం అక్కా!" మేనేజరు సంబరపడిపోయాడు.

"ఇవ్వరు," అంది ఆవిడ. "నాకు తెలుసు."