ఒర ఒకరిది, బాకు ఒకరిది

కత్తులు పరిచిన దుప్పట్ల మధ్య నుంచి లక్ష్మున్నాయుడు నడుస్తున్నాడు, అది సంతో రైలు ప్లాట్‌ఫారమో తేలడం లేదు, ఒక పక్కన పాతసామాన్లవాళ్ళు గొంతుక్కూర్చుని బేరాలాడుతున్నారు, ఇంకో పక్కన పట్టాలు మెరుస్తున్నాయి, నడిచేకొద్దీ దుప్పట్లు పొడుగవుతున్నాయే గాని అయిపోవడం లేదు. ఎప్పుడో వందేళ్ళ పైమాటే, మనుషులు నడుముకి కట్టుకుని పోట్లాటలకు వెళ్ళిన బాకులవి, వంకీ తిరిగినవి, పిడికిట్లో ఇమిడే కటార్లు, పిడి ఊడినవి, మొన విరిగినవి, అన్నీ తెలిసినవాళ్ళే అన్నట్టు ఒక్కొక్కదాన్నీ పలకరించుకుంటూ పోతున్నాడు. ఎక్కడా ఆగాలనిపించడం లేదు. ఆగితే అవతల ఎవరో వెళ్ళిపోతారని భయం, ఆ ఎవరో ఎవరన్నది మాత్రం గుర్తుకు రావడం లేదు.

అంతలో గూడ్సుబండి ఆఖరి పెట్టెలోంచి పచ్చజెండా ఊపుతూ తవిటయ్య కనబడతాడు.

"ఏటిరా ఆ నడక, పెళ్ళినడక! బేగి ఎక్కు, బండి కదిలిపోతంది."

లక్ష్మున్నాయుడికి గుండె పొంగుకొస్తుంది. తవిటయ్య వేసవి చివర్లో పోయాడు, పాడె మోసినవాళ్ళల్లో తనూ ఉన్నాడు, ఆ సంగతి ఇక్కడ కూడా బాగానే తెలుసు. అయినా పోయిన మనిషి జెండా ఊపడంలో వింతేమీ కనిపించదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గూడ్సు గార్డే, మరి ఇంకెక్కడ ఉంటాడు? చెయ్యందుకుని ఎక్కుతాడు. ఆ చెయ్యి వెచ్చగా, చెమటచెమటగా ఉంది.

ఈ ఇద్దరి తగువూ తెలియనివాళ్ళు విజయనగరంలో వాళ్ళ పేటలో లేరు. లక్ష్మున్నాయుడు బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అతనికీ తవిటయ్యకీ ఒకటే పిచ్చి, పాతకాలపు పోట్లాట కత్తులు కూడబెట్టడం. డ్యూటీ మీద ఒరిస్సాలోని కటకం వెళ్ళిన తవిటయ్యకి అక్కడి తుక్కు కొట్లో ఒక బాకు దొరికింది, దున్నకొమ్ము పిడి, పిడి కింద వెండిపట్టీ, పట్టీ మీద సగంలో తెగిపోయిన పూలతీగ. కొన్నాళ్ళకి లక్ష్మున్నాయుడికి విశాఖపట్నంలో ఒక ఖాళీ ఒర దొరికింది, తోలుది, దాని మూతికి వెండిపట్టీ, పట్టీ మీద మిగతా సగం తీగ. బాకు ఒరలో పెట్టి చూస్తే తీగ అతుక్కుంది. ఆ రోజు ఇద్దరూ కావలించుకుని గంతులు వేశారు. మర్నాటి నుంచీ తగువు. ఒర నాకిచ్చెయ్యమని అతను, బాకు నాకిచ్చెయ్యమని ఇతను, ఒక్కడూ మెట్టు దిగలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఏడాది పొడుగునా ఎవరిది వాళ్ళింట్లో ఉంటుంది, మహర్నవమి నాడు ఆయుధపూజకు మాత్రం బాకు ఒరలోకి వెళుతుంది, ఒక ఏడు వీళ్ళింట్లో, మరో ఏడు వాళ్ళింట్లో. పొద్దున్న పూజ, మధ్యాహ్నం రెండు కుటుంబాలకీ భోజనం, సాయంత్రం దీపాలవేళకి ఎవరిది వాళ్ళు చంకన పెట్టుకుని పోవడం. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు మొదట్లో విసుక్కున్నారు గాని, పోనుపోను ఆ రోజు కోసం ముందునుంచే పిండివంటలు మొదలుపెట్టేది వాళ్ళే.

బండి కదిలాక చూస్తాడు, తవిటయ్య మందపాటి గోధుమరంగు కోటు వేసుకున్నాడు, మెడదాకా బొత్తాలు బిగించి ఉన్నాయి, ముఖం నిండా చెమట, తుడుచుకుందామంటే మోచెయ్యి వంగడం లేదు. బయట పొలాలు వెనక్కి పోతున్నాయి, వాటి మధ్యలో ఎవరో పరిచిన దుప్పట్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

"బాకు నీ దగ్గరుందటగా" అంటాడు తవిటయ్య, తిన్నావా అని అడిగినంత మామూలుగా.

పెద్దకర్మ అయిన తర్వాత తవిటయ్య కూతురు హైమ దాన్ని పాత చీరగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. "నాన్న ఏమీ చెప్పకుండానే పోయారు చిన్నాన్నా, మీ దగ్గరుంటేనే బాగుంటాదనిపించింది" అంది. ఇన్నేళ్ళు కోరుకున్నది తనంతట తాను గుమ్మంలోకి నడిచొస్తే లక్ష్మున్నాయుడు సంతోషించలేదు సరికదా, ఆ పిల్ల ముందే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులోనే బాకుని ఒరలో పెట్టాడు, తీగ అతికిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు, బీరువాలో పెట్టి తాళం వేశాడు. మళ్ళీ తియ్యడానికి చెయ్యి రాలేదు. తీస్తే తవిటయ్యని ఇంట్లోంచి పంపించేసినట్టే అనిపించేది.

అది ఒకటైతే, మనసులో గుచ్చుకుంటున్నది ఇంకొకటి. ఆసుపత్రిలో ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఒరే లక్షుమూ, బాకు సంగతి..." అని తవిటయ్య ఏదో చెప్పబోయాడు. "ముందు నువ్వు లేచి ఇంటికి రా, అప్పుడు తగువులాడుకుందాం" అని ఇతను నోరు మూయించాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. ఆ మాట అలాగే మిగిలిపోయింది. బాకు ఇతని చేతికి రావాలని వాడి మనసులో ఉందో, రాకూడదని ఉందో, తెలియకుండా ఆ బీరువా దగ్గరికి వెళ్ళలేకపోతున్నాడు.

ఇప్పుడు అడగాలి. అడుగుదామని తలెత్తేసరికి అది గార్డు పెట్టె కాదు, తవిటయ్య ఇంటి ముందుగది, అద్దాల బీరువా, గోడ మీద క్యాలెండరు, కింద మాత్రం చక్రాల చప్పుడు అలాగే వినబడుతోంది, గడప అవతల వీధికి బదులు నాగావళి వంతెన సాగిపోతోంది. వంటింట్లోంచి తవిటయ్య భార్య పారమ్మ వదిన గాజుల చప్పుడు వస్తోంది, ఆవిడ టీ తెస్తుందేమోనని చూస్తాడు, టీ గ్లాసులు బల్ల మీదికి వస్తాయి గాని ఆవిడ రాదు.

"ఉక్కపోతరా బాబూ, ఆ కిటికీ తియ్యి" అంటాడు తవిటయ్య.

కిటికీ తీస్తాడు. దాని వెనకాల ఇంకో కిటికీ ఉంది. అదీ తీస్తాడు, దాని వెనకాల బడిలో తను బొమ్మలేసిన నల్లబల్ల ఉంది, దాని మీద సగం గీసిన పూలతీగ ఉంది, మిగతా సగం గీద్దామంటే సుద్దముక్క దొరకదు. గాలి మాత్రం ఎక్కణ్ణుంచీ రాదు.

"తవిటీ, నామీద కోపమేటిరా?"

"దేనికిరా?"

"నువ్వెళ్ళిపోయాక నీ బాకు నా ఒరలో పెట్టీసుకున్నాను. నేనేటో గెలిచీసినట్టు ఉన్నాది. అన్నేళ్ళు నీతో కొట్లాడి, తీరా నువ్వు లేనప్పుడు గెలిచి ఏటి చేసుకోను? నాకేటీ బాగోలేదురా."

తవిటయ్య పెద్దగా నవ్వుతాడు, పొట్ట కదులుతుంది గాని కోటు కదలదు. "గెలిచీసేవా? నాకెవడూ చెప్పనేలేదే!"

"ఎకసెక్కాలాడకు."

"మరేటి చెయ్యమంటావు? కోపం ఉంటే జెండా ఊపి ఎక్కించుకుంటానేటి? ఎర్రజెండా చూపించి అక్కడే నిలబెట్టీసేవాణ్ణి."

లక్ష్మున్నాయుడికి నవ్వొస్తుంది, నవ్వుతోనే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి, ఈ మనిషి లేక ఎన్ని సాయంత్రాలు వీధరుగు మీద ఒక్కడూ నోరు కట్టుకుని కూర్చున్నాడో చెప్పాలనుకుంటాడు, తగువుకి ఎదురు నిలిచేవాడు లేకపోతే ఒంట్లో ఓపిక కూడా పోతుందని చెప్పాలనుకుంటాడు, చెప్పినట్టే ఉంది, తవిటయ్య విన్నట్టే తలూపుతున్నాడు, నోరు మాత్రం పెగల్లేదు.

"ఆసుపత్రిలో ఏటో చెప్పబోయేవు. నేను చెప్పనివ్వలేదు. ఏటదిరా?" అని మాత్రం బయటికి వస్తుంది.

"చెప్తాను. ముందు ఈ కోటు ఇప్పు. ప్రాణం పోతంది."

పోయినవాడికి మళ్ళీ ప్రాణం పోవడమేమిటని ఇద్దరిలో ఎవరికీ తట్టదు. లక్ష్మున్నాయుడు బొత్తాలు విప్పుతాడు, ఒకటి విప్పితే దాని కింద ఇంకొకటి మొలుస్తుంది, ప్రతి బొత్తాం వెండిదే, ప్రతిదాని మీదా తీగ ఉంది. చివరికి కోటు తెరుచుకుంటుంది, లోపలి గుడ్డ చెమ్మగా ఒంటికి అంటుకుపోయి ఉంది, భుజం దగ్గర పట్టి లాగితే రాదు.

"ఎవడేశాడ్రా నీకిది, ఈ ఎండల్లో?"

"నువ్వేకదరా" అంటాడు తవిటయ్య, తప్పు పడుతున్నట్టు కాదు, చంటిపిల్లాడి చేష్ట చెప్పుకుంటున్నట్టు. "చలేస్తాదేమోనని ఏడుస్తూ తొడిగేవు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఇప్పడం మర్చిపోయేవు, అంతే."

లక్ష్మున్నాయుడు మోకాళ్ళ మీద కూర్చుని చేతిమడత పట్టుకుని మెల్లమెల్లగా లాగుతున్నాడు, నొప్పెడుతుందేమోనని మధ్యమధ్య ఆగి ముఖంలోకి చూస్తున్నాడు, గది కాస్తా ఎప్పుడో నీళ్ళ పక్కకి వచ్చేసింది, మోకాళ్ళ కింద ఇసక చల్లగా ఉంది.

"మరి చెప్పు."

"చెప్పడానికేటుందిరా. బాకు సంగతి, ఈ యేడు మా ఇంట్లో, మర్చిపోకు, అందామనుకున్నాను."

"అంతేనా?"

"మరేటనుకున్నావు? బాకు నీకు ఇచ్చీస్తున్నానని చెప్తాననుకున్నావా? చచ్చినా ఇవ్వన్రా!"

ఆ మాటకి లక్ష్మున్నాయుడి గుండె మీంచి పెద్ద బరువు దిగిపోతుంది, కోటు వదిలేసి పడిపడి నవ్వుతాడు, నవ్వు సగంలో ఉండగానే ఇంకో సంగతి తట్టి ముఖం బిగుస్తుంది.

"ఆగరా, ఈ యేడు మీ ఇంట్లో ఎలాగవుతాది? పోయినేడు మీ ఇంట్లోనే కదా చేసేం!"

"పోయినేడు మీ ఇంట్లో. వానొచ్చి పీటలు లోపలికి మార్చేం, గుర్తులేదూ?"

"అది అంతకుముందేడు. పోయినేడు మీ ఇంట్లో వదిన బూరెలు మాడ్చీసింది, నువ్వు మాడినవన్నీ నా ఆకులో వేసీసేవు."

"నీకు మతిపోయింది."

"నీకే పోయింది. పోయినవాడివి నువ్వు, నీకేటి తెలుస్తాది?"

"పోయినవాడితో ఇంత తగువా? సిగ్గులేదూ?"

"లేదు!" అని అరుస్తూ లక్ష్మున్నాయుడు చేతిమడతని బలం కొద్దీ లాగుతాడు, ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చినంత సంతోషంగా ఉంది, కోటు ఒక్కసారిగా ఊడి చేతిలోకి వస్తుంది, తవిటయ్య "అబ్బా, హాయి" అంటాడు, ఆ గొంతు ఇంకా చెవిలో ఉండగానే మెలకువ వచ్చేస్తుంది.

పడక్కుర్చీ. భోజనం చేసి కాస్త నడుం వాల్చిన మధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, బనీను తడిసి వీపుకి అంటుకుంది, బయట ముసురు పట్టి ఉంది, ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. లక్ష్మున్నాయుడు ఏదో గుర్తొచ్చినవాడిలా గబగబా లేచి బీరువా తాళం తీస్తాడు.

ఎడంచేత్తో ఒర పట్టుకుని కుడిచేత్తో పిడి లాగుతాడు. రాదు. పట్టేసింది. నెమ్మదిగా, కొద్దికొద్దిగా కదుపుతూ లాగితే ఎప్పటికో వస్తుంది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే మొన దగ్గర ఆవాలు చల్లినట్టు తుప్పు చుక్కలు.

తోలు ఒరలో బాకు నిలవ ఉంచకూడదన్నది ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి ఓనమాలు. తోలు పదును చెయ్యడానికి వాడిన సరుకు ఇనుముని తినేస్తుంది, పైన వానాకాలపు చెమ్మ. బాకు వేరే, ఒర వేరే, నూనె రాసి పొడిగుడ్డలో చుట్టి పెట్టాలి. ఎందరికో తనే చెప్పాడు. చెప్పినవాడు ప్రేమ పొంగుకొచ్చి ఆ ఒక్క పనీ మరిచిపోయాడు. ఇన్నేళ్ళూ ఆ బాకు నిగనిగలాడిందంటే తవిటయ్య నూనె పెట్టి తుడవడం వల్ల మాత్రమే కాదు, ఇద్దరూ మొండికెత్తి దాన్ని ఒరకి దూరంగా ఉంచబట్టి. తగువే కాపాడింది దాన్ని.

కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, మెత్తటి పంచెగుడ్డతో, పసిపిల్లాడి ముఖం తుడిచినట్టు తుడుస్తాడు. చుక్కలు చాలావరకు పోతాయి, ఒకటి రెండు మచ్చలు ఉండిపోతాయి. ఉండనీ అనుకుంటాడు. బాకుని గుడ్డలో చుట్టి బల్ల మీద పెడతాడు, ఒరని బీరువాలోకి పంపిస్తాడు, హైమకి ఫోన్ చేస్తాడు.

"హైమా, బాకు మీ ఇంటికి పట్టుకొచ్చి ఇచ్చీస్తానమ్మా. అది మీ ఇంట్లోనే ఉండాలి. ఒరలో ఉంటే పాడైపోతంది. నూనె ఎలా రాయాలో నీకు చూపిస్తాను. మహర్నవమికి ఎప్పట్లాగే కలుపుదాం."

హైమ వెంటనే అందుకుంటుంది.

"అయితే దసరాకి వస్తారా చిన్నాన్నా? బాకు ఇచ్చీసేం కదా, ఇంక ఆయనకి మనింటికి రావల్సిన పనేముందని అమ్మ అప్పట్నుంచీ ఒకటే బెంగ. నాదే తొందరపాటు, ఇవ్వకుండా ఉండాల్సింది అనుకుంటున్నాను."

లక్ష్మున్నాయుడు కండువాతో కళ్ళు అద్దుకుంటాడు. ఏదో అనబోయేలోగా ఫోన్లో వెనకనుంచి పారమ్మ గొంతు ఖంగున మోగుతుంది.

"ఈ యేడు మన ఇంట్లోనని చెప్పవే! మీ నాన్న చెప్పే ఉంచేరు, ఈ యేడు మనదే వంతని. ఇప్పుడే చెప్పకపోతే ఆయన తరవాత ఒప్పుకోరు."

వంతు వాళ్ళది కాదు. పోయినేడు వాళ్ళింట్లోనే చేశారు, మాడిన బూరెలు తిన్నది తనే, కావాలంటే పేటలో ఎవరినైనా అడగొచ్చు. చెబుదామని నోరు తెరుస్తాడు.

"మీ ఇంట్లోనే అని చెప్పమ్మా మీ అమ్మకి. ఒర నేను పట్టుకొస్తాను" అంటాడు.