అరుణమ్మ ఆసీనురాలగుట

కొత్తపేట చేరేసరికి అరుణమ్మ కుడి పిడికిలి నడుము వెనక్కి చేరింది. ఎల్బీనగర్ అవతలి కిరాయి గది నుంచి దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణానికి ఆమెను రోజూ బస్సు మోసుకుపోయేది. సకల జనుల సమ్మెలో బస్సులు డిపోలు దాటక పక్షం రోజులైంది. ఆమె వెన్నుపూస పక్కన పిడికిలితో ఒత్తుకుంటూ, ఏదో గుర్తొచ్చిన దానిలా ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగుతూ నడిచింది. ముట్టు రెండో రోజు. నొప్పి నడుములో బయలుదేరి, తొడల్లోకి దిగి, మోకాళ్ల దగ్గర కాసేపు విడిది చేసి, తిరిగి ఎగువకు ప్రయాణం కట్టేది. దాని రాకపోకలకు ఏ సమ్మే అడ్డం రాలేదు.

రాష్ట్ర సాధన విషయంలో అరుణమ్మ చిత్తశుద్ధిని శంకించనవసరం లేదు. బంద్ ఏ రోజున పడినా ఆమె మద్దతు ఉండేది. నెలలో ఆ మూడు రోజుల్లో పడిందా, ఆమెను మించిన ఉద్యమకారిణి ఆమె పుట్టిన నల్లగొండ జిల్లాలోనే దొరికేది కాదు. ఈసారి నాయకులు ఆమె తేదీలు గమనించలేదు. దసరా బేరాల కోసం దుకాణం సగం షట్టరుతో తెరిచే ఉంది. సెలవు పెట్టే వీలూ లేదు. పండ్ల మార్కెట్‌లో హమాలీగా ఉన్న భర్త అంతయ్యకు సమ్మె వల్ల పని లేదు. సంసారం యావత్తూ ఆమె నడుము మీదే నిలబడి ఉంది.

యజమాని గంగాధరరావు గారిది కోస్తా. సమ్మె మొదలైన నాడే ‘జై తెలంగాణ’ స్టిక్కరును, దిష్టిబొమ్మ కట్టినంత భక్తితో, షట్టరుకు అంటించారు. లోపలి రాజ్యాంగం మాత్రం వారి తాతగారి నాటిది. నేల మీది తెల్ల పరుపు లక్ష్మీస్థానం. చీరలు విప్పి చూపేవాళ్లు దాని మీద కూర్చుంటారు. బయట చేరిన ఆడవాళ్లు కూర్చోరాదు. ఆ మూడు రోజులూ మూలనున్న జాకెట్టు ముక్కల బల్ల వెనక నిలబడాలి. అక్కడ స్టూలు వేస్తే కొనేవాళ్లకు నిర్లక్ష్యంగా కనిపిస్తుందట. నడుము ఎప్పుడు కూర్చోమని బతిమాలుతుందో సరిగ్గా అప్పుడే నిలబడే గౌరవం దక్కేది. పదకొండేళ్లుగా అరుణమ్మ ఆ గౌరవాన్ని నెలనెలా స్వీకరించింది. బల్ల వెనక ఎవరున్నారో చూసి, చాయ్ తెచ్చే భిక్షపతి కూడా తేదీలు చెప్పగలిగేవాడు.

గుమ్మంలో గంగాధరరావు గారి భార్య నాగేశ్వరి గారు రోజూ అడిగినట్టే అడిగారు.

“అరుణమ్మా, బయట లేవు కదా?”

“లేనమ్మా,” అంది అరుణమ్మ. పదకొండేళ్లలో అది మొదటి అబద్ధం.

పరుపు మీద ఆసీనురాలు కావడానికి ఆమెకు పట్టిన సమయంలో ఒక పట్టాభిషేకం ముగిసేది. ముందు అరచెయ్యి ఆనించింది, తర్వాత ఒక మోకాలు, ఆపైన రెండోది. వీపు గోడకు తగలగానే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

బల్ల వెనక నిలబడ్డ గీత కిసుక్కుమంది. “ఏందక్కా, మహారాణి లెక్క ఒరిగినవ్?”

“నడిచొచ్చిన గదనే.”

“నేను ఎగురుకుంట ఒచ్చిన్నా? కూసో, నువ్వన్న కూసో. ఇయ్యాల నాకు గీ బల్లే గతి.”

పదకొండు గంటలకు నవరాత్రి పూజ. పరుపు మీద నలభై పట్టుచీరలు పరిచి, నడుమ కలశం పెట్టారు. నాగేశ్వరి గారు అగ్గిపెట్టె తెచ్చి అరుణమ్మ చేతిలో ఉంచారు.

“ఈసారి దీపం నువ్వు వెలిగించు. ఇన్నేళ్ల నుంచీ ఉన్నావు, ఇంటి మనిషివి.”

ఆ మాట కోసం అరుణమ్మ ఎదురుచూడని దసరా లేదు. పుల్ల తీసింది. గియ్యలేకపోయింది. నియమాన్ని ధిక్కరించింది నడుమే, చెయ్యి కాదు. ఆ చెయ్యి ఇంకా గంగాధరరావు గారి తాతగారి ప్రజే. ఆమె అగ్గిపెట్టెను మెల్లగా కింద పెట్టింది.

“నాతోని కాదమ్మా. నిన్ననే బయటైన.”

నాగేశ్వరి గారి చూపు నలభై చీరల మీదా ఒక్కొక్కటిగా నడిచింది. గంగాధరరావు గారు గొంతు పెంచలేదు. వారు ఎన్నడూ పెంచరు.

“చెప్పుంటే బల్ల దగ్గర నిలబడేదానివి కదమ్మా. మేం ఎప్పుడైనా కాదన్నామా?”

“నడుము నొచ్చి కూసున్న సారూ.”

“నొప్పులు ఎవరికి లేవు? పండగ పూట ఇంత పని చేశావు. రేపట్నుంచి ఇంక రావొద్దులే.”

పరుపు మీది తెల్ల దుప్పటి తీసేశారు. శుద్ధి కోసం పసుపునీళ్లు చల్లారు. పట్టు మీద మరక పడుతుందని గాలిలోకి చల్లారు. గీత సంచీ తెచ్చి అరుణమ్మ భుజానికి తగిలించింది.

“జర ఆగుకుంట పో అక్కా.”

ఆగవలసిన చోటు ఎల్బీనగర్‌లో వచ్చింది. జాతీయ రహదారి మధ్య ఇటుకల పొయ్యిలు పెట్టి, ఆడవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. వెనక లారీలు బారులు తీరి ఉన్నాయి. దాటబోయిన అరుణమ్మ పిడికిలి నడుముకు ఆనించి తారు మీద కూలబడింది. లెమ్మని ఎవరూ అనలేదు. బయట ఉన్నావా అనీ అడగలేదు.

పొయ్యి దగ్గరి ముసలామె లచ్చమ్మ ఆమె పిడికిలి ఉన్న చోటు చూసింది.

“ముట్టు నొప్పా బిడ్డా?”

“అవునవ్వా.”

“నాకూ గట్లనే ఉండె. ముట్టుడిగినంక గని పోలే. ఆగు.”

పొయ్యి వార నుంచి ఒక ఇటుకను కట్టెతో లాగి, తడి తువ్వాలలో చుట్టి, అరుణమ్మ నడుముకు ఆనించింది. “ఒరుగు. కాపడం గిట్లనే పెట్టాలె.”

అరుణమ్మ ఒరిగింది. వేడి చర్మం దాటి, ఎముక చుట్టూ తిరిగి, పొద్దుటి నుంచి బిగిసి ఉన్నదాన్ని ఒక్కొక్క పోగుగా విప్పసాగింది. అంతయ్యకు ఏం చెప్పాలో ఆలోచించబోయింది గానీ, ఆలోచన నిలవలేదు.

పోలీసు వ్యాను వచ్చింది. నినాదాలు లేచాయి, అన్నం గిన్నె ఒరిగింది, చేతులు పట్టి అందరినీ లేపారు.

“నేను సమ్మెకు రాలే సారూ. నడుము నొచ్చి కూసున్న.”

“పొద్దున్నుంచి అందరికీ నడుము నొప్పేనమ్మా,” అన్నాడు కానిస్టేబుల్, విసుగ్గా కూడా కాదు. “ఎక్కు.”

వ్యానులో కూర్చునే చోటు లేదు. అరుణమ్మ కడ్డీ పట్టుకుంది. తలుపు పడింది, బండి వనస్థలిపురం వైపు మళ్లింది.

లారీలు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది. ఖాళీ రహదారి నడుమ, తడి తువ్వాల చుట్టిన ఇటుక నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.